వదిలిన దూరమా, నీరెక్కే ఎత్తా? ప్లాన్ అనుమతికి ముందు ఏ వరద అంచనా చేయించాలి

ప్లాన్ అనుమతికి దరఖాస్తు పెట్టేటప్పుడు జలవనరుల శాఖ ఇచ్చిన నిరభ్యంతర పత్రం ఫైల్లో ఉంటే వరద సంగతి తేలిపోయినట్లేనని మన ప్రాంతంలో చాలామంది అనుకుంటారు. ఆ పత్రం చెప్పే మాట చాలా చిన్నది. మీ స్థలం వంక హద్దులోనో చెరువు గర్భంలోనో పడలేదని, నియమాల్లో ఉన్నంత దూరం వదిలారని మాత్రమే అది చెబుతుంది. ఆ స్థలంలోకి నీళ్లు వస్తాయా రావా అన్నది దాని పరిధిలోని ప్రశ్నే కాదు. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే విడిగా వరద అంచనా చేయించుకోవాలి. అది నాలుగు రకాలుగా దొరుకుతుంది, నాలుగింటి ఖర్చులకూ పొంతన ఉండదు, పైగా ఖరీదైనదే మంచిదన్న లెక్క ఇక్కడ పనికిరాదు. కర్నూలు, కడప, అనంతపురం మూడూ పేరుకు కరవు సీమ పట్టణాలే అయినా నీళ్లు వచ్చే దారి ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. ఏ అంచనా చేయించాలన్నది ముందుగా ఆ దారిని బట్టి తేలుతుంది. కట్టేది ఇల్లా, అపార్టుమెంటా, లేఅవుటా అన్నది ఆ తర్వాతి మాట.

నియమం ఎంతవరకు కాపాడుతుంది

2017లో జీవో 119 ద్వారా వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాల్లో నీటి వనరుల పక్కన వదలాల్సిన దూరాలు ఉన్నాయి. నది హద్దు నుంచి పురపాలక పరిధిలో 50 మీటర్లు, పరిధి బయట 100 మీటర్లు వదలాలి. 10 హెక్టార్లు, ఆపైన విస్తీర్ణమున్న చెరువులకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న వాగు, వంక, కాలువలకైతే 9 మీటర్లు, అంతకు లోపు వెడల్పున్నవాటికి 2 మీటర్లు. నియమాలకు సవరణలు వస్తూనే ఉంటాయి కనుక, దరఖాస్తు పెట్టే నాటికి అమలులో ఉన్న అంకెలను పట్టణ ప్రణాళిక విభాగంలో ఒకసారి సరిచూసుకోవాలి.

ఈ అంకెలన్నీ నేల మీద టేపుతో కొలిచే దూరాలు. వరద మాత్రం ఎత్తుకు సంబంధించినది. చెరువునే తీసుకుందాం. ఎఫ్‌టీఎల్ అంటే మరువ (నిండిన చెరువు నీరు పొర్లిపోయే చోటు) అంచు దాకా నిండిన మట్టం. మరువ మీదుగా రెండడుగుల మందాన నీళ్లు దూకుతున్నాయంటే చెరువులో నీటిమట్టం ఎఫ్‌టీఎల్ కన్నా కనీసం రెండడుగులు పైన ఉన్నట్లే. చెరువు ఎగువ భూమి 200 అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా ఉంటే ఆ రెండడుగుల నీరు 400 అడుగుల లోపలికి పరుచుకుంటుంది. మీరు నియమం ప్రకారం వదిలిన 30 మీటర్లంటే 98 అడుగులే. నిరభ్యంతర పత్రం సక్రమంగానే ఉంటుంది, ఇంట్లో మాత్రం మోకాలి లోతు నీళ్లుంటాయి. అందుకే జలవనరుల శాఖకు అర్జీ పెట్టేటప్పుడు ఎఫ్‌టీఎల్‌తో పాటు గరిష్ఠ నీటిమట్టాన్ని కూడా అడగడం మంచిది. చాలామంది అది అడగరు.

ప్రతి ఇంటి ప్లానుకూ వరద నివేదిక జతచేయాలన్న నిబంధన మన భవన నియమాల్లో లేదు. 20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత విస్తీర్ణమున్న ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి కావాలి, అక్కడ వాననీటి పారుదల వివరాలు అడుగుతారు. మిగతావారికి అంచనా చేయించుకోవడం సొంత నిర్ణయం. కనుక ఫైలు కోసం ఏది చాలు అన్న కోణంలోంచి కాక, స్థలానికి ఏది అవసరం అన్న కోణంలోంచే ఎంచుకోవాలి.

నాలుగు రకాలు

మొదటిది రికార్డుల పరిశీలన. అన్నింటికన్నా చవకైనదీ, ఎవరూ దాటవేయకూడనిదీ ఇదే. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) నకలు, గ్రామ నక్షా, మీ సర్వే నంబరుకే కాక చుట్టుపక్కల నంబర్లకు కూడా ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత రీసెటిల్‌మెంట్ భూమి రిజిస్టరులో) ఉన్న వివరం, సర్వే ఆఫ్ ఇండియా వారి టోపోషీటు (ఎత్తుపల్లాల పటం), గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఒకచోట పెట్టుకుని చూస్తే సగం కథ తెలిసిపోతుంది. అనంతపురం శివారులో 5 ఎకరాల లేఅవుటు కోసం ఒకాయన నా దగ్గరికి వచ్చేసరికే స్థలాన్ని జేసీబీతో చదును చేసి, ఎర్రమట్టి తోలి, రాళ్లు నాటడానికి సిద్ధంగా ఉంచారు. ఎఫ్‌ఎంబీలో చూస్తే రెండు సన్నని గీతలు వంకర్లు తిరుగుతూ సరిగ్గా ఆ స్థలం మధ్యలోంచి పోతున్నాయి, పైనున్న సర్వే నంబరుకు ఎదురుగా వంక పోరంబోకు అని రాసి ఉంది. "మా నాయన కాలం నుంచి దాంట్లో నీళ్లు పారింది చూళ్లేదు సార్" అన్నారాయన. ఆ మాటలో అబద్ధం లేదు. అక్కడే గొర్రెలు మేపుకుంటున్న ఒక ముసలాయన మాత్రం పై పొలంలోకి చెయ్యి చూపించి, "ఆ కంపచెట్లు అట్ల వరసగా ఎందుకు మొలిచినాయి సారూ, అడుగున తేమ ఉండబట్టే కదా" అన్నాడు. చదును చేసిన మట్టి కింద వంక ఎటు పోతోందో చెప్పడానికి ఆ వరసకు మించిన సర్వే అక్కరలేకపోయింది.

రెండోది లెవెల్ సర్వే. స్థలంలోని నేల ఎత్తులను, పక్క రోడ్డును, దగ్గరి వంక అడుగును, పాత వరద గుర్తును ఒకే బెంచ్‌మార్కుకు (ఎత్తు తెలిసిన స్థిర గుర్తుకు) కట్టి కొలవడమే ఇందులోని పని. ఆటో లెవెల్, టోటల్ స్టేషన్, డీజీపీఎస్ అనే సర్వే పరికరాల్లో దేనితోనైనా చేయవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల పటాలు చూసి కాంటూర్లు (ఎత్తు గీతలు) గీసి ఇచ్చేవాళ్లున్నారు. ఆ పటాల్లో ఎత్తు పొరపాటు మీటర్లలో ఉంటుంది. మనం తేల్చుకోవాల్సింది అడుగు, అడుగున్నర సంగతి. పరీవాహక ప్రాంతం (వంకలోకి నీరు చేరే భూమి) ఎంతో గీసుకోవడానికి అవి చాలు, గడప ఎంత ఎత్తున పెట్టాలో చెప్పడానికి చాలవు.

మూడోది సూత్రాలతో వేసే లెక్క. దక్షిణాది చెరువులకు, వంకలకు మన ఇంజనీర్లు ఏనాటి నుంచో వాడే రైవ్స్ సూత్రం ప్రకారం 20 చదరపు కిలోమీటర్ల పరీవాహకం ఉన్న వంకకు ప్రాంతాన్ని బట్టి ఎంచే గుణకాన్ని 8.5గా తీసుకుంటే సెకనుకు 62 ఘనపు మీటర్లకు పైగా, అంటే దాదాపు 2,200 క్యూసెక్కుల వరద వస్తుంది. ఆ వంక మీద కట్టిన కల్వర్టు అందులో సగం కూడా మోయలేదని తేలితే మిగతా నీరు ఎటు పోతుందన్నదే మీ ప్రశ్న. చిన్న పరీవాహకాలకు, లేఅవుట్ల లోపలి కాలువలకు రేషనల్ పద్ధతి (వాన తీవ్రతను, విస్తీర్ణాన్ని, అందులో పారే వంతును గుణించడం) సరిపోతుంది. 40 హెక్టార్ల మెట్ట భూమి మీద గంటకు 60 మిల్లీమీటర్ల తీవ్రతతో వాన పడినప్పుడు పడినదాంట్లో పది భాగాలకు మూడు భాగాలు, అంటే 0.3 వంతు, పారుతుందనుకుంటే సెకనుకు 2 ఘనపు మీటర్లు వస్తుంది. అదే భూమి సిమెంటు రోడ్లు, మిద్దెలతో నిండి ఆ వంతు 0.6కు చేరితే 4 ఘనపు మీటర్లవుతుంది. లేఅవుటు వేసినవారు దిగువ రైతుకు పంపే అదనపు నీరు ఆ తేడాయే, రేపు తగాదా వచ్చేదీ దాని మీదే.

నాలుగోది కంప్యూటర్ మోడల్. అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం తయారుచేసిన హెచ్‌ఈసీ-రాస్ ఇందుకు ఎక్కువగా వాడే సాఫ్ట్‌వేర్, అది ఉచితంగానే దొరుకుతుంది. కాబట్టి మీరు చెల్లించే డబ్బు సాఫ్ట్‌వేరుకు కాదు, వంక పొడవునా తీసే అడ్డుకోతల (ఒడ్డు నుంచి ఒడ్డుకు వంక ఆకారం) సర్వేకూ, లెక్క కట్టే మనిషి విచక్షణకూ. ఒడ్ల మధ్యనే పారే వంకకు ఏకమితీయ మోడల్ చాలు. ఒడ్డు దాటి కాలనీ వీధుల్లో నలువైపులా పరుచుకునే నీటికి ద్విమితీయ మోడల్ కావాలి. ఇక్కడ నేను చూసే మొదటి అంకె వంక గరుకుదనానికి, అంటే వంక అడుగు, ఒడ్లు నీటి పరుగును ఎంత అడ్డుకుంటాయన్న దానికి, తీసుకున్న విలువ. శుభ్రమైన మట్టి కాలువకు 0.03 తీసుకుంటారు. మన వంకల్లో సర్కారు తుమ్మ కంప మనిషి దూరనంత దట్టంగా పెరిగి ఉంటుంది, అక్కడ అది రెట్టింపును కూడా దాటవచ్చు. వెడల్పైన వంకలో గరుకుదనం రెట్టింపైతే అదే ప్రవాహానికి లోతు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది. ఆఫీసులో కూర్చుని 0.03 వేసినవారి నివేదికలో మూడడుగులున్న నీరు నేల మీద నాలుగున్నర అడుగులుంటుందన్నమాట.

కర్నూలు: కొలిచిన గుర్తే పెద్ద ఆధారం

కర్నూలు నగరం హంద్రీ తుంగభద్రలో కలిసే మూలన ఉంది. 2009 అక్టోబరు 2న ఎగువన సుంకేసుల దాటి వచ్చిన తుంగభద్ర, ఊరి మధ్యలోంచి వచ్చే హంద్రీ ఒకేసారి పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు కాగా ఆ వరదలో 896 అడుగుల దాకా వెళ్లింది. 19 లక్షల క్యూసెక్కులకు రూపొందించిన ప్రాజెక్టుకు దాదాపు 25 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. ఇలాంటి చోట ఒక్క ఇంటి స్థలం కోసం మోడల్ చేయించడం నా దృష్టిలో డబ్బు వృథా. ఎందుకంటే ఆ మోడల్ సరిగా రావాలంటే ఎగువన రెండు నదుల ప్రవాహాలు, దిగువన జలాశయ మట్టం, మధ్యలో కిలోమీటర్ల పొడవున అడ్డుకోతలు కావాలి. మీ స్థలం ముందు 300 మీటర్ల నదిని మాత్రమే కొలిచి, దిగువ మట్టాన్ని ఊహించి వేసిన బొమ్మ రంగురంగులుగా ఉంటుందే తప్ప అందులో సమాచారం ఉండదు.

అక్కడ పనికొచ్చేవి రికార్డు, లెవెల్ సర్వే మాత్రమే. పాతబస్తీలో ఒక ఇంట్లో మెట్ల గోడ మీద ఆ ఇంటావిడ 2009లో నీళ్లు తీసిన వారానికి మేకుతో గీసి పెట్టిన గీత ఉంది. తర్వాత మూడుసార్లు రంగు వేయించినా ఆ గీతను వదిలేసి వేయించారు. గడప నుంచి అక్కడికి 9 అడుగుల 4 అంగుళాలు. రెండు వీధుల అవతల ఇల్లు కట్టుకుంటున్న అబ్బాయి కోసం ఆ గీత నుంచి లెవెల్ తీసుకుపోతే అతని స్థలంలో నీరు ఏడడుగులకు పైగా నిలిచినట్లు తేలింది. ఏడడుగుల పునాది ఎవరూ లేపరు; అతను కింద పార్కింగ్‌కు స్టిల్ట్ (గోడలు లేకుండా స్తంభాల మీద నిలిచే ఖాళీ అంతస్తు) వదిలి, మీటరు బోర్డును, మోటారు స్విచ్చును మొదటి అంతస్తు మెట్ల మలుపు దగ్గరికి మార్చి ప్లాన్ పెట్టుకున్నాడు. సర్వేకు పట్టింది ఒక్క పూట. అయితే గుర్తు ఒక్కటే చూసి నమ్మకూడదు. మూడు నాలుగు ఇళ్లలో చూసి, అవి ఒకే మట్టానికి వస్తేనే లెక్కలోకి తీసుకోవాలి, ఎందుకంటే తడి పైకి పాకిన చారను వరద గుర్తుగా చూపించేవాళ్లూ ఉంటారు.

కడప: గోడ వెనక నీరు

కడప సంగతి వేరు. బుగ్గవంక కొండల నుంచి వేగంగా దిగి నగరం నడిమధ్యలోంచి పోతుంది, ఎగువన జలాశయం ఉంది. 2001 అక్టోబరులో అది పొంగి ప్రాణాలు తీసింది, 2020 నవంబరులో నివర్ తుపాను సమయంలో మళ్లీ కాలనీల్లోకి వచ్చింది. వంకకు రక్షణ గోడలు కట్టాక ఒడ్డున స్థలాల ధరలు పెరిగాయి, "గోడ ఉంది కదా" అన్నది అమ్మేవారి మాటైంది. గోడ వంక నీటిని ఆపుతుంది, మంచిదే. కానీ వంక గోడల మధ్య నిండుగా పారుతున్నప్పుడు కాలనీలో పడిన వాన ఎక్కడికి పోవాలి? కాలనీ డ్రైన్లు వంకలో కలిసే చోట నీరు వెనక్కి తన్నకుండా తలుపులు లేకపోతే వంక నీరే డ్రైన్ల గుండా ఎదురెక్కుతుంది. కాబట్టి ఇక్కడ వంక మోడల్ కన్నా మీ వీధి డ్రైను లెక్కే ముఖ్యం. ఆ డ్రైను అడుగు ఏ మట్టంలో ఉంది, వంక నిండుగా ఉన్నప్పటి మట్టం ఎంత, రెండింటికీ తేడా ఎంత అన్నది లెవెల్ సర్వేతో, రేషనల్ పద్ధతి లెక్కతో తేలిపోతుంది. సెల్లారు కట్టాలనుకునే అపార్టుమెంటు వారు మాత్రం ఈ లెక్క చేతికి రాకముందే తవ్వకం మొదలుపెట్టకూడదు. నన్నడిగితే బుగ్గవంకకు దగ్గరలో సెల్లారు ఆలోచనే మానుకోమంటాను.

చెయ్యేరు, పెన్నా తీరాలలో కొనేవారికి ఇంకో కోణం ఉంది. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి దిగువ గ్రామాలు కొట్టుకుపోయాయి. ఆనకట్ట తెగితే నీరు ఎంతదాకా వస్తుందన్న అధ్యయనం ఒక ప్లాటు యజమాని చేయించగలిగేది కాదు. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం ప్రకారం అత్యవసర కార్యాచరణ ప్రణాళిక తయారుచేయాల్సిన బాధ్యత ఆనకట్ట యాజమాన్యానిది. మీరు చేయాల్సింది ఆ ప్రణాళికలో ముంపు పటం ఉంటే చూపించమని రాతపూర్వకంగా అడగడం.

అనంతపురం: వంకలు, చెరువుల గొలుసు

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపున వాన పడే జిల్లాలో వరద అంచనా ఏమిటని నవ్వేవారు 2022 అక్టోబరులో అనంతపురం ఊళ్లోంచి పోయే నడిమివంక కాలనీల్లోకి వచ్చాక నవ్వడం తగ్గించారు. 2024 అక్టోబరులో కనగానపల్లి చెరువు తెగి పండమేరు వాగు పొంగినప్పుడు అనంతపురం శివారు కాలనీలు మునిగాయి. చెరువు తెగడమన్నది ఈ సీమకు కొత్త కాదు. బుక్కరాయసముద్రం కట్టకు ముసలమ్మ కట్ట అన్న పేరు, కట్ట నిలవడానికి ముసలమ్మ చేసిన ప్రాణత్యాగం కథ ఆ భయంలోంచి పుట్టినవే. ఇక్కడి వంకల మీద ప్రవాహాన్ని కొలిచే కేంద్రాలు ఉండవు. తుంగభద్ర మీద బావాపురం, పెన్నా మీద చెన్నూరు వద్ద కేంద్ర జలసంఘం కొలిచినట్లు నడిమివంకను కొలిచిన ఏళ్ల తరబడి రికార్డు ఎవరి దగ్గరా దొరకదు. ఊరి జ్ఞాపకం కూడా నమ్మదగినది కాదు, ఇరవై ఏళ్లు ఎండిన వంకను జనం దారిగా వాడుకుంటారు. అందువల్ల మూడు ఊళ్లలో మోడల్‌కు నిజంగా డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే. అదీ వంక పక్కన ఎకరాల్లో లేఅవుటు వేసేవారికి. ఎగువ చెరువులన్నీ నిండి మరువలు పారుతున్నాయనుకుని ఒకసారి, దగ్గరి చెరువు తెగిందనుకుని ఇంకోసారి లెక్క వేయించాలి. లేఅవుటులో ఎలాగూ 10 శాతం ఖాళీ స్థలం వదలాలి కనుక, ఆ స్థలాన్ని మోడల్ చూపిన పల్లం వెంట పెడితే ప్లాట్ల సంఖ్య పెద్దగా తగ్గదు. వంకను పైపులో పెట్టి పైన ప్లాట్లు వేద్దామన్న ఆలోచనను మాత్రం ఏ నివేదిక సమర్థించినా నమ్మకండి. ఒక కంపచెట్టు, రెండు ప్లాస్టిక్ సంచులు అడ్డుపడితే ఆ పైపు లేనట్లే.

వంకకు దూరంగా, కాలనీ నడుమ మూడు సెంట్లలో ఇల్లు కట్టుకునేవారికి ఇంత అవసరం లేదు. రికార్డులు చూసుకుని, వీధి రోడ్డు మధ్య నుంచి లెవెల్ తీయించుకుంటే చాలు. జాతీయ భవన నియమావళి చెప్పే 45 సెంటీమీటర్ల పునాది ఎత్తును చుట్టూ ఉన్న నేల నుంచి కొలుస్తారు; మీరు మాత్రం రేపు వేయబోయే సిమెంటు రోడ్డు మట్టం నుంచి లెక్కించుకోండి.

నివేదిక చేతికొచ్చాక

కడపలోని ఒక స్థలానికి ఎవరో చేసిచ్చిన నివేదిక నా దగ్గరికి వచ్చింది. నలభై పేజీలు, రంగు పటాలు అన్నీ ఉన్నాయి. పన్నెండో పేజీలో "సముద్రపు ఆటుపోట్ల ప్రభావాన్ని పరిగణనలోకి తీసుకున్నాము" అని ఉంది. కోస్తాలో ఏదో స్థలానికి రాసినదాన్ని పేరు మార్చి ఇచ్చారు. కనుక ముందు వాన ఏ కేంద్రం నుంచి తీసుకున్నారు, ఎన్నేళ్ల రికార్డు, లెవెల్స్ ఏ బెంచ్‌మార్కు నుంచి, వంక ఫొటోలు ఏ తేదీవి అన్నవి చూడండి. ఇవి లేకపోతే మిగతా పేజీలు చదవనక్కరలేదు.

తర్వాత చూడాల్సింది ఎన్నేళ్ల వరదకు లెక్క కట్టారన్నది. వందేళ్ల వరద అంటే వందేళ్లకోసారి వచ్చేదని జనం అర్థం చేసుకుంటారు. అది ఏ ఏడాదైనా నూటికి ఒక పాలు రాగల వరద. ముప్పై ఏళ్ల గృహ రుణం తీరేలోపు అది ఒక్కసారైనా వచ్చే అవకాశం 26 శాతం. 25 ఏళ్ల వరదకైతే అదే కాలంలో 70 శాతం పైనే. లోపలి రోడ్డు, పార్కు వంటివాటికి 25 ఏళ్ల లెక్క సరిపోతుంది. ఇంటి గడపకు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకు వందేళ్ల మట్టం కావాలి, దాని మీద మరో అడుగున్నర వదలమని నేను చెబుతాను. వంకలో కంప పెరిగితే, కల్వర్టు సగం పూడితే మట్టం ఎంత పెరుగుతుందో కూడా నివేదికలో ఉండాలి. ఒకే అంకె ఇచ్చి ఊరుకున్న నివేదికను వెనక్కి పంపి అడగండి.

నివేదికలో చివరికి వచ్చే అంకె, ఉదాహరణకు 281.40 మీటర్లు, మేస్త్రీకి ఏమీ చెప్పదు. ట్రాక్టర్లతో మట్టి తోలడం మొదలయ్యాక పాత నేల మట్టం ఎక్కడుందో కూడా ఎవరికీ గుర్తుండదు. అందుకని మట్టి పడకముందే సర్వేయరును నిలబెట్టి, ఆ మట్టాన్ని పక్కింటి కాంపౌండు గోడ మీదో కరెంటు స్తంభం మీదో ఎర్ర రంగుతో అడ్డగీతగా వేయించి, తేదీ కనిపించేలా ఫొటో తీసుకుని, గడప పై అంచు ఆ గీతకు ఎన్ని అంగుళాల పైన రావాలో మేస్త్రీ ఎదుటే గోడ మీద రాయించండి.